రెండో గుండీ దాకానే వెలుతురు

మా పాల బాబాయి పోయాడన్న కబురు పోయిన శుక్రవారం పొద్దున్నే ఆయన పెద్ద కోడలు తెచ్చింది. తెనాలిలో ఆయన పాలు పోసే ఇళ్ళలో నాలుగైదింటికి ఫోన్లున్నాయి. ఆ అమ్మాయి ఎవరికీ ఫోను చేయించలేదు. మొదటి బస్సుకు వచ్చి ఇంటింటికీ నడిచి చెప్పింది. మా గుమ్మం ముందు నిలబడి, "తెల్లారగట్ట నిద్దట్లోనే పోయాడండి మామయ్య. మా ఆడబిడ్డ రావాలి, మట్టి చేసేసరికి సాయంత్రం అయిద్ది. పాలకి ఇంకెవర్నన్నా చూసుకోండి. పిల్లలున్న ఇళ్ళకి ముందు చెప్పాలని వచ్చేశానండి," అంది. మా ఆవిడ లోపలికి రమ్మంటే, "ఇంకా కొన్ని ఇళ్ళున్నాయండి," అని వెళ్ళిపోయింది.

నేను లారీ నడుపుకునే మనిషిని. చదువు బడిలో కంటే బయటే ఎక్కువ నేర్చుకున్నాను. ఏ రోజు ఎక్కడికి వెళ్ళానో, ఏం మోశానో, బండికి ఏం రిపేరు చేశానో రోజూ రాసుకునే అలవాటు తప్ప ఒక మనిషి గురించి కూర్చుని రాసింది లేదు. ఇది రాయకపోతే మాత్రం ఆయన గురించి తెలియాల్సిన ఒక సంగతి నాతోనే ఉండిపోతుంది. అందుకని రాస్తున్నాను.

ఆయనది వేమూరు దాటాక కాలువ గట్టు మీదున్న ఊరు. నాలుగు గేదెలుండేవి. తెల్లవారుజామున పాలు పిండి, రెండు పెద్ద క్యాన్లు సైకిలుకు చెరోవైపు తగిలించి, పాలు తొణక్కుండా వాటి మూతుల్లో శుభ్రమైన గడ్డి చుట్ట కుక్కి, చీకట్లోనే తెనాలి బయలుదేరేవాడు. అయిదింటికల్లా టీ హోటళ్ళకు పాలు అందాలి. ఆ తర్వాతే ఇళ్ళు. ఎనభైల మొదట్లో నేను లారీ కొన్నప్పటి నుంచి మా ఇంటికి ఆయన పాలే. గిన్నెలో కొలిచి పోశాక మళ్ళీ ఇంత వంచి, "కొలత నీదమ్మా, కొసరు నాది," అనేవాడు. ఎలా ఉన్నావు బాబాయి అని అడిగితే, "గేదెలు బాగున్నాయి. అవి బాగుంటే నన్నెవరడిగారు?" అనేవాడు. ఆదివారం మాత్రం కబుర్లుండేవి కావు. చర్చి వేళకు ఊరు చేరుకోవాలని సైకిలు బెల్లు ఆగకుండా కొట్టుకుంటూ పోయేవాడు. "దేవుడు ఆగుతాడమ్మా, మా పాస్టరుగారు ఆగడు," అని వీధి మలుపులోంచి కేకేసేవాడు.

నేను రేపల్లె మిల్లుల నుంచి తెనాలికి బియ్యం, తవుడు తోలేవాణ్ణి. బాపట్ల వైపు ఎరువుల బస్తాలు, గోనె సంచులు. డ్రైవర్ని పెట్టుకోలేదు, నేనే నడిపేవాణ్ణి. నలభై దాటాక చీకట్లో నా చూపు కాస్త మందగించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా లైట్లు పెంచాను. హెడ్‌లైట్లలో ఉన్న బల్బులు తీసేసి, రెట్టింపు కాంతి ఇచ్చే పెద్ద బల్బులు వేశాను. కాలువ గట్టు రోడ్డు పొడుగునా పట్టపగలులా కనిపించేది. ఎదురొచ్చేవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకోవడం, తిట్టడం చూసేవాణ్ణి. లారీవాణ్ణి తిట్టకుండా ఎవరున్నారులే అనుకునేవాణ్ణి.

తొంభైల నడుమ, ఒక చలికాలం తెల్లవారుజామున తవుడు లోడుతో రేపల్లె నుంచి వస్తున్నాను. వేమూరుకు ఇవతల కాలువ వంపు తిరుగుతుంటే ముందు ఒక సైకిలు కనిపించింది. మా బండి చప్పుడుకు పక్కకు ఆపి, వెనక్కి తిరిగి చూస్తున్నాడు ఆ మనిషి. మఫ్లరు చుట్టుకున్నాడు, మొహం తెలియలేదు. క్యాన్ల అంచులు తళుక్కుమన్నాయి. లైట్లు డిమ్ చేద్దామని చెయ్యి వెళ్ళింది. వంపులో గట్టు అంచు నాకు కనపడాలి కదా అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దాటి వచ్చేశాను.

ఆ పొద్దున మా ఇంటికి పాలు రాలేదు. మధ్యాహ్నానికి తెలిసింది, బాబాయి గట్టు మీది నుంచి కాలువలోకి జారిపడ్డాడని, భుజం ఎముక విరిగిందని, తెనాలి ఆస్పత్రిలో ఉన్నాడని.

మా ఆవిడా నేనూ బత్తాయిలు తీసుకుని వెళ్ళాం. భుజం నుంచి నడుం దాకా కట్టు కట్టారు. మమ్మల్ని చూడగానే నవ్వాడు.

"ఎట్టా పడ్డావు బాబాయి?" అని అడిగింది మా ఆవిడ.

"ఎవరో లారీ అబ్బాయమ్మా. సూర్యుణ్ణి రెండు ముక్కలు చేసి బండి ముందర కట్టుకొచ్చాడు. ఏంటా అని తిరిగి చూశానా, ఇక రోడ్డేదో కాలవేదో తెలిస్తేగా! పాలన్నీ కాలవలో పోసొచ్చా. ఇవాళ చేపలకి టీ."

పక్క మంచం మీదాయన, "నంబరన్నా చూడకపోయావా పెద్దాయనా?" అన్నాడు.

"నంబరా! నాకు వాడి లైట్లు తప్ప లోకంలో ఇంకేం కనపళ్ళా." కట్టు సర్దుకుని, "వాడికి నేను కనపడ్డానో లేదో మరి. ఎప్పుడన్నా దొరికితే అదొక్కటీ అడగాలనుంది," అన్నాడు బాబాయి.

నేను బత్తాయి వొలిచి ఆయన చేతిలో పెట్టాను. ఆ రోజు నా పుస్తకంలో తవుడు లోడు గురించి ఒక్క ముక్క ఉంది, అంతే.

మర్నాడే పెద్ద బల్బులు పీకేసి పాతవి వేశాను. పది రోజులు తిరక్కుండా బాపట్ల దగ్గర గడ్డి బండి ఒకటి, వెనక లాంతరు కూడా లేనిది, దాదాపు ముందు చక్రం కిందికి వచ్చేసింది. బ్రేకు మీద నిలబడితే ఆగింది. బండి మీద పెద్దాయన మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెలుతురుంటే ఒకరికి ప్రమాదం, లేకపోతే ఇంకొకరికి. ఎటూ తోచలేదు.

బాపట్లలో నాకు తెలిసిన లారీ ఎలక్ట్రీషియను ఒకతను ఉండేవాడు. లైట్ల సంగతి అడిగాను, కారణం చెప్పలేదు. అతను మద్రాసు పాత సామాన్ల బజారు నుంచి తెచ్చిన విదేశీ కారు దీపాల జత ఒకటి తీసి చూపించాడు. "ఇది ప్రొజెక్టర్ లైటన్నా. సినిమా హాల్లో బొమ్మని తెర మీదకి ఎట్టా పంపిస్తారో, ఇది వెలుగుని రోడ్డు మీదకి అట్టా పంపిద్ది. లోపల చిప్ప, దాని ముందర అడ్డంగా చిన్న రేకు, ఆ ముందర లావుపాటి లెన్సు. రేకు అడ్డం పడ్డ మేర వెలుగు తెగిపోయిద్ది. గీత గీసినట్టుంటది. గీతకి కింద పగలు, పైన చీకటి."

ఎదుటివాడి కళ్ళు ఆ గీతకు పైన ఉంటే చాలునని నాకు అర్థమైంది. "నువ్వే బిగించి పెట్టు," అన్నాను. "లారీకి నేనెప్పుడూ పెట్టలా. పాడైతే నన్నంటావు," అని చేతులెత్తేశాడు. బల్బులు మాత్రం మా బండి కరెంటుకు సరిపోయేవి ఇచ్చాడు. జత ఇంటికి తెచ్చుకున్నాను.

బిగించడానికి నెలకు పైగానే పట్టింది. మా హెడ్‌లైటు చిప్ప లోతు చాలలేదు. వెనక కోసి, వాన నీళ్ళు పోకుండా టైరు ట్యూబు రబ్బరు చుట్టాను. దీపాన్ని పైకీ కిందికీ జరుపుకునేలా మూడు పొడుగు బోల్టుల మీద నిలబెట్టాను. బండితో వచ్చిన గీతల అద్దం ముందు పెడితే వెలుగు చెదిరిపోయింది. ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టులో సాదా అద్దం గుండ్రంగా కోయించాను. ఎదురుగా ఎవరూ లేనప్పుడు వాడుకోవడానికి పాత లైట్లకు ఆ పెద్ద బల్బులే మళ్ళీ వేసి, కింద బంపరు మీదకు దించాను. వాటికో మీట, కొత్తవాటికో మీట.

ఈలోగా బాబాయి కోలుకున్నాడు. సైకిలు మీద కాదు, క్యాన్లు బస్సులో వేసుకుని, తెల్లవారాక ఏడింటికి వస్తున్నాడు. టీ హోటళ్ళవాళ్ళు అప్పటిదాకా ఆగరు కదా, వేరేవాళ్ళను పెట్టుకున్నారు. ఆయన ఒక గేదెను అమ్మేశాడు. రెండోదానికీ బేరం వచ్చిందట. "సైకిలు తొక్కలేవా బాబాయి?" అని మా ఆవిడ అడుగుతుంటే లోపలి నుంచి విన్నాను. "భుజం బానే ఉందమ్మా. చీకట్లో ఆ వంపు కాడికి వచ్చేసరికి కాళ్ళు తొక్కటం మానేస్తన్నాయి. నేనేం చేసేది?"

ఒక సాయంత్రం చీకటి పడే వేళ ముందుగా బిగించిన ఒక దీపం మొదటిసారి వేసి చూశాను. రోడ్డు మీద ఒక్క చుక్క వెలుతురు లేదు. ఎదురింటివాళ్ళ కొబ్బరి చెట్ల తలలు మాత్రం వెలిగిపోతున్నాయి. గేదెలకు తవుడు బస్తా కోసం వచ్చిన బాబాయి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏంటబ్బాయ్, కాయలు లెక్కపెడతన్నావా?"

పై వెలుగును ఆపాలి కాబట్టి రేకు పైన ఉండాలని నేను అనుకున్నాను. వచ్చినప్పుడు కింద ఉంటే, ఎవరో తప్పుగా పెట్టారని దీపాన్ని తిరగేసి మరీ బిగించాను. ఎక్కడ పొరపాటు పడ్డానో తెలియక తల పట్టుకున్నాను. బాబాయి పెట్టెలో మిగిలిన రెండో దీపం తీసి, దాని లెన్సు ఊడదీసి, కంటికి దూరంగా పట్టుకుని వాకిట్లోకి చూశాడు.

"ఓరి నీ! మీ ఆవిడ తలకిందులుగా నడిచొస్తందబ్బాయ్. టీ గ్లాసులు కూడా తలకిందులే, ఒక్క చుక్క ఒలకట్లా!"

నేనూ చూశాను. లెన్సు కిందిదాన్ని పైకీ పైదాన్ని కిందికీ మారుస్తోంది. రేకు కింద ఉండటమే సరైనది. దీపాన్ని మళ్ళీ తిప్పి బిగించాను. ఈసారి ఎదురుగా ఉన్న గోడ మీద గీత పడింది, కింద పగలు, పైన చీకటి. "ఉండు, ఎదురుగా తొక్కి చూస్తా," అని మా సైకిలు తీసుకుని వీధి చివరికి వెళ్ళి ఆయనే వచ్చాడు. వీధిలో ఆయనకు భయం లేదు.

"మేలే. కానీ దగ్గరికొచ్చేసరికి మొహాన పొడుస్తందబ్బాయ్. ఇంకా ఎక్కడో ఉంది."

గోడ దగ్గరికి వెళ్ళి ఇద్దరం పరీక్షగా చూశాం. గీత ఎడమవైపు తిన్నగా ఉంది. కుడివైపుకు వెళ్ళేకొద్దీ పైకి లేస్తోంది. ఆ కారు తయారైన దేశంలో బండ్లు రోడ్డుకు కుడివైపున పోతాయని నాకు అప్పుడు తట్టింది. తమవైపు అంచున నడిచేవాళ్ళు కనపడాలని అటు వెలుగు కాస్త ఎత్తారు. మనకు కుడివైపు నుంచే కదా ఎదుటివాళ్ళు వచ్చేది. ఆ మాట చెబితే బాబాయి, "అయితే ఈ లైటు నన్నెప్పుడూ చూళ్ళేదన్నమాట. దాని తప్పేముంది పాపం!" అన్నాడు.

పౌడరు డబ్బా రేకు సన్నగా కత్తిరించి, గీతను పైకి లేపుతున్న మెట్టు లోపలి రేకులో ఉన్నచోట రెండు చిన్న బోల్టులతో అడ్డం కట్టాను. లెన్సు కుడి ఎడమలు కూడా మారుస్తుందని ఈసారి మరిచిపోలేదు. గీత తిన్నగా వచ్చింది.

"ఇక్కడ కాదు," అన్నాడు బాబాయి. "ఆ వంపు కాడికి తీసకపో. అక్కడ నీ లైట్లకి ఎదురు తొక్కగలిగితే ఎక్కడన్నా తొక్కుతా. లేకపోతే రెండో గేదెని కూడా ఇచ్చేస్తా."

రెండో దీపం కూడా అలాగే బిగించి, రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున ఆయన సైకిలు, నీళ్ళు నింపిన క్యాన్లు లారీలో వేసుకుని వెళ్ళాం. వంపులో బండి ఆపాను. ఆయన క్యాన్లు తగిలించుకుని, సైకిలు ఎక్కి, ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు. రెండో కాలు పెడలు తొక్కడం లేదు. ఏ బండి మీదకు తొక్కుకుంటూ వస్తున్నాడో తెలియకుండా ఆయన్ని రానివ్వడం నావల్ల కాలేదు.

"బాబాయి, ఆ రోజు లారీ నాదే."

ఆయన నావైపు తిరిగాడు.

"నువ్వు అడగాలనుకున్నావే, ఆ మాట. కనపడ్డావు. నువ్వని తెలియలేదు, సైకిలూ క్యాన్లూ కనపడ్డాయి. డిమ్ చేద్దామనుకుని చెయ్యలేదు."

ఆయన సైకిలు దిగాడు. హ్యాండిలు నా చేతికిచ్చాడు.

"ఎక్కు."

"నేనా?"

"ఆ తూము దాకా పోయి, అక్కణ్ణించి నా మీదకి తొక్కుకుంటా రా. నేను నీ లారీలో కూర్చుంటా. ఏ మీట ఏది?"

"ఎడమది కొత్తవాటికి. కుడిది పెద్ద బల్బులకి."

తూము దగ్గరికి వెళ్ళి తిరిగాను. క్యాన్లతో సైకిలు తొక్కడం నాకు అలవాటు లేదు. పదిగజాలు వచ్చానో లేదో ఆయన కుడి మీట వేశాడు.

రోడ్డు పోయింది. గట్టు పోయింది. హ్యాండిలు మీదున్న నా చేతులు నాకు కనపడలేదు. ఎటు చూసినా తెలుపే. క్యాన్లలో నీళ్ళు ఒక పక్కకు ఊగి సైకిలును లాగాయి. ఏ పక్కన కాలువ ఉందో తెలియలేదు. కాళ్ళు రెండూ కింద పెట్టేసి, కళ్ళు మూసుకుని నిలబడిపోయాను. నేను నడిపిన బండి ముందు అంతకాలం ఎంతమంది అలా నిలబడ్డారో.

మీట మారిన చప్పుడు. కళ్ళు తెరిచాను. రోడ్డు నా ముందు పరిచినట్టుంది. గట్టు మీద గడ్డి, అంచున తేలిన రాళ్ళు, నా ముందు చక్రం, అన్నీ ఉన్నాయి. వెలుతురు నా ఛాతీ దగ్గర ఆగిపోయింది. దాని పైన లారీ క్యాబిన్‌లో బాబాయి చిన్నగా కనిపిస్తున్నాడు.

తొక్కుకుంటూ దగ్గరికి వచ్చాను. ఆయన దిగాడు.

"అయిదు అంకెలు లెక్కపెట్టా, అంతే. నాకు ఆ రోజు అంతకంటే ఎక్కువ పట్టలా," అన్నాడు. గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "అడగాల్సింది అడిగేశా. నువ్వు చెప్పేశావు. ఇక దిగు, నా సైకిలు నాకివ్వు."

మొదటిసారి సగం దూరం వచ్చి ఆగాడు. రెండోసారి లారీ దాకా వచ్చాడు. మూడోసారి లారీ దాటి, బెల్లు కొట్టుకుంటూ, ఆ నీళ్ళ క్యాన్లతోనే వెళ్ళిపోయాడు. నేను బండి తిప్పుకుని వెళ్ళేసరికి వేమూరులో టీ బంకు ముందు కూర్చుని ఉన్నాడు. "ఎవరన్నా నీళ్ళు పోయించుకుంటారేమోనని దారంతా కేకేశానబ్బాయ్. ఒక్కరూ గిన్నె తీసుకురాలా," అన్నాడు.

ఆ వారమే మళ్ళీ సైకిలు మీద పాలు తేవడం మొదలుపెట్టాడు. రెండు హోటళ్ళు తిరిగి ఆయన దగ్గరికే వచ్చాయి. రెండో గేదె బేరం వదిలేశాడు. ఆ లారీ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఇంట్లో కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది.

నా లైట్లు చూసి రేపల్లె లారీ స్టాండులో ఒకరిద్దరు అడిగారు. అందరికీ ఆ దీపాలు దొరకవు. ఉన్న లైట్లనే కిందికి సరిచేసుకోవచ్చని చెప్పాను. ఎంత కిందికి అంటే కొలత కావాలి. బాబాయి ఏదో పని మీద రేపల్లె వచ్చిన రోజు ఆయన్నే స్టాండు గోడకు ఎదురుగా సైకిలు మీద కూర్చోబెట్టారు. చొక్కా రెండో గుండీ ఎత్తున గోడ మీద సుద్దతో గీత గీశారు. "పెద్దాయనా, ఊపిరి బిగపట్టు, గుండీ ఊగితే మా లైట్లు ఊగుతయ్," అని ఒక డ్రైవరు ఏడిపిస్తే, "మీ లైట్లు ఊగితే నేను కాలవలో ఊగుతాన్రా, ముందు గీత గియ్యి," అన్నాడు. ఆ సుద్ద గీత వానకు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు మళ్ళీ గీస్తున్నారు. స్టాండులో ఇప్పటికీ "రెండో గుండీకి దించు" అంటారు. ఆ గుండీ ఎవరిదో కొత్తవాళ్ళకు తెలియదు. రోడ్డు మీద ఏ బండీ కళ్ళు పొడవదని నేను చెప్పడం లేదు. కొన్ని పొడవవు. వాటిని ఆయన గుర్తుపట్టేవాడు. "నిన్న ఒకడు నన్ను చూశాడబ్బాయ్," అని సంతోషంగా చెప్పేవాడు.

శుక్రవారం సాయంత్రం వాళ్ళ ఊరు వెళ్ళాను. కూతురు వచ్చే బస్సు ఆలస్యమై, సమాధుల తోట చేరేసరికి చీకటి పడిపోయింది. తెచ్చిన పెట్రోమాక్సు ఒకటి గాలికి కొట్టుకుని ఆరిపోయింది. పెద్ద కొడుకు నా దగ్గరికి వచ్చి, "అన్నా, లారీ కాస్త ఇటు తిప్పుతావా?" అన్నాడు. తిప్పి, ఎడమ మీట వేశాను. పెట్టెను గోతిలోకి దించారు. పాస్టరుగారు పుస్తకం తెరిచి, "అక్షరాలు కనపడటం లేదయ్యా, పెద్ద లైట్లు వెయ్యండి," అన్నారు.

గోతికి అవతలి పక్క ఆయన కూతురు, కోడళ్ళు, పిల్లలు, ఊరివాళ్ళు, అందరూ లారీకి ఎదురుగానే నిలబడి ఉన్నారు. "వెయ్యనండి. ఎదురుగా ఉన్నవాళ్ళకి ఆయన కనపడడు," అన్నాను. పాస్టరుగారు నావైపు ఒకసారి చూసి, మోకాళ్ళ మీద కూర్చుని, పుస్తకాన్ని వెలుతురులోకి దించి చదివారు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ ముందుకు వచ్చారు. ఎవరి మొహాలూ తెలియడం లేదు, అవి చీకట్లో ఉన్నాయి. గాజులున్న చేతులు, ముడతలు పడ్డ చేతులు, పాలు పిండి పిండి కాయలు కాసిన చేతులు ఒకటి తర్వాత ఒకటి వెలుతురులోకి వంగి, గుప్పెడు మట్టి వదిలి, మళ్ళీ చీకట్లోకి వెళ్ళిపోతున్నాయి.